మామిడికి కాగితపు కవర్లు: బంగినపల్లికి సరే, సువర్ణరేఖకు వద్దు

కాయ చెట్టు మీద ఉండగానే తొడగడానికి విజయవాడ చుట్టుపక్కల మామిడి రైతులు కొనే కవర్లు ముఖ్యంగా రెండు రకాలు. బయట గోధుమ రంగు, లోపల నలుపు ఉన్న రెండు పొరల కవరు ఒకటి, తెల్లటి ఒంటి పొరది ఇంకొకటి. నూజివీడు, మైలవరం వైపు బంగినపల్లి తోటలకు మొదటిదే కొనాలి.

కాయ తోలు పచ్చగా ఉండాలంటే వెలుతురు కావాలి. నల్ల పొర ఆ వెలుతురును ఆపేయడంతో తోలులో పత్రహరితం తగ్గి, కాయ కొమ్మ మీదే లేత పసుపు తిరుగుతుంది. మాగాక చుట్టూ ఒకే బంగారు రంగు వస్తుంది. కవరు లేని కాయకు ఎండ తగిలిన వైపు ఒక రంగు, ఆకు చాటున ఇంకో రంగు. విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్‌లో కాయ ఏరేటప్పుడు ముందు కంటపడేది ఈ తేడాయే.

సువర్ణరేఖ సంగతి వేరు. దాని భుజాల (తొడిమ పక్కల ఉబ్బెత్తు భాగాల) మీది ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం వల్ల వచ్చేది, అది ఎండ తగిలితేనే బాగా పడుతుంది. నల్ల పొర కవరు తొడిగితే కాయ పాలిపోతుంది. పండు ఈగ బెడదతో తప్పనిసరైతే తెల్ల కవరు వాడి, కోతకు వారం పది రోజుల ముందు తీసేయడం మేలు.

కాయ కోడిగుడ్డంత అయ్యాక తొడగాలి. ముందు మచ్చ తెగులుకు, పిండినల్లికి మందు కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద తొడిగితే లోపల బూజు పడుతుంది. పిండినల్లి కొద్దిగా మిగిలినా మందు తగలని ఆ చోటే పెరిగి ముచ్చిక చుట్టూ తెల్లగా కమ్ముకుంటుంది. కవరు మూతి బిగించే తీగ వదులైతే ఈగ దూరుతుంది, మరీ బిగిస్తే తొడిమ నలిగి కాయ రాలుతుంది. కొనేముందు ఒక కవరును నీళ్లలో నానబెట్టి చూడండి. అతుకు ఊడితే వేసవి గాలివానకు అది నిలవదు. అడుగున నీరు కారే చిల్లు ఉండాలి. ప్లాస్టిక్ సంచులు అసలు వద్దు, లోపల చెమట పట్టి కాయ ఉడుకుతుంది.

వీటితో పెద్ద చిక్కు కోత దగ్గరే. కవరు విప్పితే లేత కాయ కూడా పసుపుగానే ఉంటుంది. ఆ రంగు నమ్మి కోస్తే మాగాక తీపి ఉండదు. పిందె కట్టిన తేదీ రాసుకుని, 100 రోజులు దాటాక భుజాలు నిండాయో లేదో చూసి, రెండు మూడు కాయలు కోసి బకెట్ నీళ్లలో వేయాలి. మునిగితే తయారైనట్టు, తేలితే ఇంకా ఆగాలి. తర్వాత మాగబెట్టే గదిలో వేడి 30 డిగ్రీలు దాటినా తోలుకు రంగు సరిగా తిరగదు, కవరు ఖర్చంతా అక్కడ పోతుంది. మాగబెట్టడానికి కార్బైడ్ వాడటం నిషిద్ధం. కాయను మాగించే ఇథిలీన్ వాయువుకు 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో 100 వంతులు) దాకా అనుమతి ఉంది.

కవరు ధర కన్నా తొడిగే కూలి ఎక్కువ ఆలోచించాల్సింది. కొమ్మలు కత్తిరించి అందే ఎత్తులో ఉంచిన చెట్లకే ఇవి లాభం. నిచ్చెన వేసి ఎక్కాల్సిన పాత చెట్లకు కొనకండి.