ఓపెన్ రైల్స్ ఆడాలా, ట్రైన్ సిమ్ వరల్డ్ కొనాలా?

రెండూ కంప్యూటర్‌లో రైలు నడిపే ఆటలే. మా ఇల్లు మౌలాలి దగ్గర. లాలాగూడ షెడ్ ఇంజన్లు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి నా తూకం కాస్త ఒకవైపు మొగ్గుతుంది, ముందే చెబుతున్నా.

అందం విషయంలో వాదనే లేదు, ట్రైన్ సిమ్ వరల్డ్‌దే గెలుపు. సీట్లోంచి లేచి క్యాబ్‌లో తిరగొచ్చు, ఒక్కో స్విచ్ వేసుకుంటూ చల్లారిన ఇంజన్‌ని లేపొచ్చు. కాకపోతే డబ్బు పెట్టాలి, మంచి గ్రాఫిక్స్ కార్డూ కావాలి. రూట్లు ఎక్కువగా బ్రిటన్, జర్మనీ, అమెరికావి.

ఓపెన్ రైల్స్ ఉచితం. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ కోసం చేసిన రూట్లు, ఇంజన్లు ఇందులో నడుస్తాయి. మనవాళ్లు ఓపిగ్గా తయారుచేసిన డబ్ల్యూఏపీ-4 (మన రైల్వే కరెంటు ఇంజన్) లాంటివీ దొరుకుతాయి. బొమ్మలు పాతకాలంవే. ఫైళ్లు సరైన ఫోల్డర్‌లో పెట్టడానికే నాకు ఒక ఆదివారం పట్టింది.

కానీ బ్రేక్ వేసి చూడండి! పైపులో గాలి తగ్గితేనే బ్రేక్ పడుతుంది; పొడవాటి బండిలో ఆ బ్రేక్ పైపు గాలి ముందు పెట్టె నుంచి చివరి పెట్టెదాకా తగ్గుతూ పోవడానికి టైం పడుతుంది. వదిలినా అంతే, ప్రెషర్ మళ్లీ నిండాలి. రెండు పసుపు లైట్లు కనపడగానే వేగం తగ్గించడం మొదలుపెట్టకపోతే ఎర్ర సిగ్నల్ దగ్గర టెన్షనే. మొదట్లో నేను ప్లాట్‌ఫాం దాటేసి నాలుగు పెట్టెలు బయట ఆపేవాణ్ణి. మా అబ్బాయి ఇప్పటికీ నవ్వుతాడు.

వాడి ఓటు ట్రైన్ సిమ్ వరల్డ్‌కే. నా పాత కంప్యూటర్‌లో మాత్రం ఓపెన్ రైల్సే ఉంది.