మూడేళ్లు వాడిన ల్యాప్‌టాప్: లెక్కల పనికి, పెళ్లి వీడియోలకు ఎంతవరకు నిలబడింది

కొన్నది 2022 చివర్లో. ఇంటెల్ కోర్ ఐ5 12500హెచ్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. కంపెనీ పేరు రాయడం లేదు, ఆ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఇదే మూస. మామూలు రోజుల్లో టాలీ, ఎక్సెల్, డీటీపీ. ముహూర్తాలు మొదలైతే తిరుచానూరు, తిరుమల పెళ్లిళ్ల వీడియో ఎడిటింగ్ ప్రీమియర్ ప్రోలో.

షాపులో అందరూ ప్రాసెసర్ గురించే మాట్లాడతారు. ఈ మూడేళ్లలో దానితో ఏ చిక్కూ రాలేదు. పేరు చివర అక్షరం ఒక్కటి చూసుకుంటే చాలు. ఈ తరం చిప్‌లలో యూ అంటే 15 వాట్లు, పీ అంటే 28, హెచ్ అంటే 45. వాట్లు పెరిగేకొద్దీ బరువైన పనిని ఎక్కువసేపు లాగగలదు. ఎడిటింగ్ చేసేవాళ్లు యూ జోలికి పోవద్దు. ఇంటెల్‌లో ఇంకో లాభం కూడా ఉంది. ఇప్పటి కెమెరాలు చాలావరకు రంగుల వివరం ఎక్కువుండే 10 బిట్ 4:2:2లో, హెచ్ 265 అనే కుదింపు పద్ధతిలో ఫైళ్లు ఇస్తాయి. ఈ చిప్‌లో వీడియోల కోసమే ఉన్న క్విక్ సింక్ అనే భాగం వాటిని నేరుగా విప్పుతుంది, టైమ్‌లైన్ ఆగకుండా నడుస్తుంది. అదే 4:2:2ను పాత పద్ధతి హెచ్ 264లో తీస్తే క్విక్ సింక్ పట్టించుకోదు, ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు, చేసుకోవాల్సిందే. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్ కూడా ఇక్కడ తడబడొచ్చు.

ర్యామ్ దగ్గర మాత్రం షాపువాళ్లు నోరు విప్పరు. 8 జీబీ ఒకే స్టిక్‌గా వచ్చింది. అలా ఉన్నంతకాలం టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ పేరు 'యూహెచ్‌డీ' అనే కనిపించింది. రెండో స్లాట్‌లో ఇంకో 8 జీబీ డీడీఆర్4 3200 స్టిక్ వేశాక అదే చిప్ మెరుగైన 'ఐరిస్ ఎక్స్ఈ' అయింది. రెండు స్టిక్‌లు ఉంటేనే మెమొరీ దారి రెండింతలవుతుంది, గ్రాఫిక్స్ దాని మీదే బతుకుతుంది. కొనేముందు ఖాళీ స్లాట్ ఉందా, ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా అని అడగండి. అతికించినదైతే 16 జీబీకి తగ్గనిది మొదటే తీసుకోవాలి.

అసలు దెబ్బ తెర దగ్గర తగిలింది. స్పెసిఫికేషన్‌లో '45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్స్' (మొదటిది రంగుల కొలత, రెండోది వెలుతురు కొలత) అని ఉంటే, తెరలకు ప్రమాణంగా తీసుకునే ఎస్ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండు వంతులకు మించి చూపలేదని అర్థం. ముహూర్తం చీర కుంకుమ రంగు దీని మీద ఇటుక రంగులా వెలిసిపోయి కనిపిస్తుంది. చాలలేదనిపించి శాచురేషన్ పెంచుతాం. అదే క్లిప్ మంచి ఫోన్‌లో పెడితే చీర మంటలా ఉంటుంది, పసుపు రాసిన ముఖం కామెర్లు వచ్చినట్టుంటుంది. చివరికి 24 అంగుళాల 99 శాతం ఎస్ఆర్‌జీబీ ఐపీఎస్ మానిటర్ కొని తగిలించాక గానీ రంగుల పని కుదరలేదు. మొదటే '100 శాతం ఎస్ఆర్‌జీబీ, 300 నిట్స్' అని రాసి ఉన్నది తీసుకుంటే ఆ డబ్బు మిగిలేది.

స్టోరేజ్ లెక్క సులువు. 100 ఎంబీపీఎస్ 4కే వీడియో గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఆరేసి గంటలు తిరిగితే 540 జీబీ. 512 జీబీ డిస్కు విండోస్‌లో 476గానే కనిపిస్తుంది, అంటే ఒక్క పెళ్లి కూడా పట్టదు. ఇంకో ఎస్ఎస్‌డీ పెట్టుకోవడానికి రెండో ఎం.2 స్లాట్ ఉన్న మోడల్ చూడండి. చవక క్యూఎల్‌సీ డిస్కులు (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కేవి) మొదట పరిగెత్తి, వేగంగా రాసుకునే క్యాష్ నిండగానే కాపీ వేగంలో చతికిలబడతాయి.

ఇక ఎండ. మే మధ్యాహ్నం మన ఊళ్లో 40 దాటాక, ఏసీ లేని గదిలో ఎక్స్‌పోర్ట్ పెడితే చిప్ కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. శీతాకాలంలో 20 నిమిషాలు పట్టే పని ఎండల్లో 26, 27 దాకా సాగింది. ల్యాప్‌టాప్ వెనక కాళ్ల కింద రెండు నీళ్ల సీసా మూతలు పెట్టినా కొంత తేడా తెలుస్తుంది, కింద గాలి ఆడుతుంది కాబట్టి. రెండో ఏడు విప్పి చూస్తే ఫ్యాన్ రెక్కలు శుభ్రంగానే ఉన్నాయి. ఫ్యాన్‌కీ వేడి లాగే రాగి రేకులకీ మధ్య దుమ్ము మాత్రం కంబళి ముక్కలా పేరుకుంది. పైనుంచి బ్రష్ కొడితే అది రాదు, ఫ్యాన్ ఊడదీయాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి. చిప్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ కూడా అప్పుడే మార్చేస్తే సరి.

మూడు పిన్నుల ఛార్జర్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టినా, పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా లేకపోయినా మెటల్ మూత మీద చెయ్యి పెడితే జిల్లుమంటుంది. ఛార్జర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే లీకేజీ అది, ల్యాప్‌టాప్ లోపం కాదు. వాయిస్ రికార్డింగ్‌లో 'మ్‌మ్' అని హమ్ వచ్చినా ముందు అక్కడే చూడండి.

బ్యాటరీ 54 వాట్ అవర్స్‌తో వచ్చింది. విండోస్ బ్యాటరీ రిపోర్ట్‌లో ఇప్పుడు 41 చూపిస్తోంది. ఎక్సెల్ అయితే మూడున్నర గంటలు, ఎడిటింగ్ అయితే గంటకు కాస్త పైన. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచేవాళ్లు ఛార్జింగ్ 80 శాతానికి ఆపే సెట్టింగ్ మొదటి రోజే పెట్టుకోవాలి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టనిపించినా, క్లిక్ గట్టిపడినా బ్యాటరీ ఉబ్బుతున్నట్టే, వెంటనే వాడకం ఆపండి.

మూత కీలు, అదే హింజ్, స్క్రూలు పట్టే చిన్న ఇత్తడి నట్లు ప్లాస్టిక్‌లో కూర్చోబెట్టినవి. మూత ఒక మూల పట్టి లేపే అలవాటుంటే ప్లాస్టిక్ పగిలి అవి ఊడి వస్తాయి. మూత తెరిచేటప్పుడు హింజ్ పక్కన అంచు విచ్చుకుంటే అదే మొదటి గుర్తు. అప్పుడే స్క్రూ బిగిస్తే సరిపోవచ్చు, వదిలేస్తే బాడీ మొత్తం మార్చాల్సి రావొచ్చు.

తెలుగు టైటిళ్లలో 'లక్ష్మీ', 'శ్రీ' ఒత్తులు విడిపోయి కనిపిస్తే ఫాంట్ తప్పు కాదు. ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్' చేయండి.

వారంటీలో 'ఆన్‌సైట్' (మన దగ్గరికే వచ్చి బాగుచేయడం) అని ఉన్నా, మీ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో బిల్లు వేయించకముందే కంపెనీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి అడగండి. లేదంటే రిపేరుకు చెన్నై దాకా మోసుకెళ్లాల్సి రావొచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు మీ నంబరుతోనే రాయించండి, వ్యాపారానికి వాడేదైతే 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది.