చేతులెత్తినా లేవని చొక్కా

గన్‌మన్ డ్యూటీలో నాకిది పద్నాలుగో ఏడు. ఎవరి దగ్గరో అడగొద్దు. నడుముకు కుడిపక్క 9 ఎం.ఎం. పిస్టల్ ఉంటుంది, నిండు మ్యాగజైన్‌తో దాదాపు కిలో బరువు. అది పైకి కనపడకూడదు, అవసరమైతే చేతికి వెంటనే అందాలి. ఈ రెండూ కుదిరే చొక్కా కోసం హన్మకొండ, వరంగల్, కాజీపేటలో చాలా షాపులు తిరిగాను. చివరికి వరంగల్ బట్టల బజార్ దగ్గర ఒక గల్లీలో, ఇరుకు మెట్లెక్కి పోయే టైలర్ దగ్గర దొరికింది. బోర్డు మీద పేరు చెరిగిపోయింది, 'జెంట్స్ టైలర్' అన్న రెండు మాటలే మిగిలాయి.

అంతకుముందు అందరిలాగే సఫారీ వేసేవాణ్ణి. సఫారీ వేస్తే పిస్టల్ దాచినట్టు కాదు, దండోరా వేసినట్టు. పెళ్లిలో భోజనాల బంతిలో కూర్చుంటే పిల్లలొచ్చి "అంకుల్, తుపాకీ చూపియ్యవా" అంటారు. తర్వాత లోపల పెద్ద జేబున్న జాకెట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. మన దగ్గర మే నెల ఎండలో జాకెట్ తొడుక్కున్నవాణ్ణి చూస్తే, ఏమీ లేకపోయినా ఏదో ఉందనే అనుకుంటారు. రెండు రోజులకే అది మా బావమరిదికి పోయింది. చలికాలంలో పొలం కావలికి పనికొస్తోందట.

నాకు బుద్ధొచ్చింది మాత్రం బాస్కెట్‌బాల్ వల్ల. చిన్నప్పుడు హన్మకొండ జె.ఎన్. స్టేడియంలో ఆడేవాణ్ణి, అప్పటి నుంచీ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్.బి.ఎ.లో ఆడే బోస్టన్ సెల్టిక్స్ టీమంటే పిచ్చి. 2024 జూన్‌లో డాలస్ టీముతో ఎన్.బి.ఎ. ఫైనల్స్ ఐదో మ్యాచ్ మనకు పొద్దున ఆరింటికి వచ్చింది. డ్యూటీకి పోతూ టీ కొట్టు దగ్గర ఆగి ఫోన్‌లో చూస్తున్నాను. ఫస్ట్ హాఫ్ చివరి క్షణంలో మా ఆటగాడు ప్రిచర్డ్ సగం కోర్టు దూరం నుంచి విసిరిన బంతి రింగులో పడింది. ఒళ్లు మరిచి రెండు చేతులూ పైకెత్తాను. చొక్కా కూడా లేచింది. టీ పోస్తున్నాయన చెయ్యి అట్లనే ఆగిపోయింది. పక్క బెంచీ ఖాళీ.

అందుకే ఈ మాస్టర్ మొదటి రోజే "సార్, చేతులు పైకెత్తండి" అన్నప్పుడు, వచ్చిన పని అయినట్టే అనిపించింది. పిస్టల్ తీసుకుపోలేదు, హోల్‌స్టర్‌లో, అంటే పిస్టల్ పెట్టుకునే ఒరలో, అంతే సైజు చెక్కముక్క పెట్టుకుని పోయాను. వంగమన్నాడు, కూర్చోమన్నాడు, బూట్ల లేసు కట్టుకోమన్నాడు. ఆది చొక్కా ఇస్తే పక్కన పడేశాడు. ఇన్నేళ్లూ నేను చంక వదులుగా ఉంటే హాయి అనుకునేవాణ్ణి. అదే తప్పట. చంక ఎంత కిందికి దిగితే, చెయ్యెత్తినప్పుడు చొక్కా అంత పైకి పోతుందట. చంక పైకి కట్ చేసి, కింద చిన్న అతుకు ముక్క వేశాడు. పొడుగు రెండంగుళాలు పెంచాడు. లేత రంగు ప్లెయిన్ గుడ్డ వద్దని, ముదురు గళ్లది తెమ్మన్నాడు. ప్లెయిన్ గుడ్డలో ఉబ్బు తెలిసిపోతుంది, గళ్లలో చూపు నిలవదు. ప్యాంటు జారకుండా బెల్టు లూపులు రెండు ఎక్కువ వేశాడు, అది నేను అడగనేలేదు.

షాపులో ఇంకో ఆకర్షణ మాస్టర్ కొడుకు. ఇంటర్ చదువుతున్నాడు, ఒంటి మీద ఎప్పుడూ లేకర్స్ జెర్సీ. లాస్ ఏంజెలెస్ టీమది, మా సెల్టిక్స్‌కు పాత ప్రత్యర్థి. కొలతలు రాసుకుంటూనే గొడవ మొదలుపెట్టాడు. ఫైనల్స్‌లో ఈ రెండు టీములూ 12 సార్లు తలపడితే 9 సార్లు మావాళ్లే గెలిచారు. 2024తో మావి 18 టైటిల్స్, వాళ్లవి 17. ఆ 17లోనూ ఐదు, లాస్ ఏంజెలెస్‌కు రాకముందు మినియాపోలిస్ ఊళ్లో ఉన్నప్పటివి. లేకర్స్ అన్న పేరు కూడా అక్కడి చెరువుల వల్ల వచ్చిందే. "ఆ లెక్కన భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు ఉన్న మనకే ఆ పేరు నప్పుతుంది బిడ్డా" అన్నాను. వాడు తగ్గలేదు. "2010 ఫైనల్స్‌లో మనిద్దరి ఏడో మ్యాచ్ చెప్పండి అంకుల్" అన్నాడు.

అది చెప్పాలంటే నాకు ఇప్పటికీ గొంతు పడిపోతుంది. మూడో క్వార్టర్‌లో 13 పాయింట్ల ముందంజలో ఉండి 83-79తో ఓడిపోయాం. మోకాలి దెబ్బతో మా పెర్కిన్స్ ఆడలేదు. లేకర్స్ స్టార్ కోబీ 24 షాట్లు వేస్తే పడ్డవి ఆరే, కానీ షాట్ తప్పి వెనక్కొచ్చిన బంతులు, అంటే రీబౌండ్లు, 15 పట్టాడు. షాట్లు పడని రోజు కూడా గెలిపించాడు, ఆ ఒక్కటి ఒప్పుకుంటాను. ఇక రైవల్రీ అంటారా, ఆ తర్వాత రెండు టీములూ ఫైనల్లో ఎదురుపడనే లేదు. ఇప్పుడది టీవీ వాళ్లకూ మాలాంటి మొండివాళ్లకూ మిగిలిన ముచ్చట.

మంచి మాటలైపోయాయి. పది రోజులన్న చొక్కా పందొమ్మిదో రోజు ఇచ్చాడు. గుడ్డ ముందు నీళ్లలో నానబెట్టకుండానే కుట్టాడు, రెండు ఉతుకులకు అర అంగుళం లాగేసింది. నా పనిలో అర అంగుళం చిన్న సంగతి కాదు. గట్టిగా అడిగితే గొణుక్కుంటూ కింది మడత విప్పి సరిచేశాడు, డబ్బులు తీసుకోలేదు. పై జేబు మరీ లోతు తక్కువ, ఫోన్ సగం బయటికే ఉంటుంది. కుట్టుకూలి 650, మామూలు చొక్కాకైతే ఎక్కువే. మీకు నడుముకు దాచుకునేది ఏమీ లేకపోతే అంత పెట్టక్కర్లేదు.

వేసుకున్న మొదటి వారం ఒక సభలో దండల బుట్ట పైకి అందించాల్సి వచ్చింది. చొక్కా కదల్లేదు.

రెండో చొక్కాకు గుడ్డ ఇచ్చి వచ్చాను, ముదురాకుపచ్చ గళ్లు. ఈసారి నేనే నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయించి ఇచ్చాను. గుండీలు కుట్టేది ఆ పిల్లాడేనట. లేకర్స్ రంగని ఊదావి పెట్టకుండా మాస్టర్‌కు రెండుసార్లు చెప్పి వచ్చాను.