జీప్ రాంగ్లర్‌కి హెడర్ మార్చి ఆరేళ్లు: ఏం కొన్నాను, ఎక్కడ తప్పు చేశాను

ఇంజిన్ పొగని బయటికి పంపే గొట్టాల గుత్తి, అదే హెడర్, మారిస్తే బండి ఎగిరిపోతుందని ఆశపడేవాళ్లకి ఈ సమీక్ష పనికిరాదు. నాది 1999 రాంగ్లర్, 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్. హెడర్ ఉండే చోట కంపెనీ బిగించిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పగలడం ఈ ఇంజిన్‌కి పాత రోగమే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టక్‌టక్‌మంటుంది. పది నిమిషాలకి లోహం వేడెక్కి సాగుతుంది, పగులు మూసుకుంటుంది, చప్పుడు మాయం. అది వాల్వుల చప్పుడనుకుని నేను ఒక చలికాలమంతా ఆయిల్ బ్రాండ్లు మారుస్తూ కూర్చున్నాను.

2017లో ఆన్‌లైన్‌లో దొరికిన చవక హెడర్ ఒకటి తెప్పించాను. నూట ముప్పై డాలర్లు. మామూలు ఉక్కు, మీద నల్ల పెయింటు. చూడ్డానికి బాగుంటుందని గొట్టాలకి వేడి ఆపే టేపు కూడా చుట్టాను. సరిగ్గా పద్నాలుగు నెలలకి మళ్లీ అదే టక్‌టక్. విప్పి చూస్తే గొట్టాలన్నీ ఒకచోట కలిసే మెడ దగ్గర వెంట్రుకలా పగులు. టేపు ఊడదీస్తే లోపలంతా తుప్పు పొట్టు. చెమ్మని పట్టి ఉంచుతుందని తెలిస్తే చుట్టేవాణ్ని కాదు.

మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లు విప్పి బిగించి ఆ పనిలోనే రిటైరైన మనిషి. వీడియో కాల్‌లో చూపించాను. పగులు వంకైనా చూడకుండా, "ఒరేయ్, గొట్టం సంగతి తర్వాత. ఇంజిన్ ఊగుతోందేమో చూశావా?" అన్నాడు. చూడలేదు. ఆ సాయంత్రం మా ఆవిణ్ని సీట్లో కూర్చోబెట్టి, బ్రేకు గట్టిగా తొక్కి గేర్లో వేసి, కాస్త యాక్సిలరేటర్ ఇమ్మన్నాను. నేను పక్కన నిలబడి చూస్తే ఇంజిన్ రెండు వేళ్ల ఎత్తు లేచింది. ఇంజిన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే మౌంట్ల రబ్బరు ఎప్పుడో చచ్చిపోయింది. ఇంజిన్ అలా ఊగుతుంటే కింద ఎగ్జాస్ట్ పైపేమో ఛాసిస్‌కి కట్టేసి ఉంటుంది. ఆ వంపంతా మధ్యలో ఉన్న హెడర్ మెడ మీదే పడుతుంది. పగలక ఏం చేస్తుంది?

అందుకే 2019 ఏప్రిల్‌లో రెండోసారి పని పెట్టుకున్నప్పుడు ముందు రెండు ఇంజిన్ మౌంట్లూ, ఒక ట్రాన్స్‌మిషన్ మౌంటూ కొన్నాను. ఆ తర్వాతే హెడర్. ఈసారి 304 స్టెయిన్‌లెస్ స్టీల్, మెడ దగ్గర ముడతలు పడిన బెల్లోస్ ఉన్నది తీసుకున్నాను. ఇంజిన్ ఊగినా ఆ ముడతలు వంగి సర్దుకుంటాయి. పెట్టె వచ్చాక వాకిట్లోనే రెండు పరీక్షలు చేశాను. ఒకటి, ఫ్రిజ్ మీది అయస్కాంతం గొట్టానికి పెడితే అంటుకోలేదు. చవక రకం 409 స్టెయిన్‌లెస్ అయితే అంటుకుంటుంది. రెండు, ఇంజిన్‌కి ఆనే ఫ్లాంజ్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెనకనుంచి టార్చి వేశాను. ఎక్కడా వెలుతురు కారలేదు. పాతదానికి ఇదే పరీక్ష చేస్తే మూడో గొట్టం దగ్గర వెలుతురు సన్నగా గీతలా కనిపించింది.

కొనేముందు మీ బండి ఏ ఏడాదిదో సరిచూసుకోండి. ఈ ఇంజిన్‌కే 2000 నుంచి వచ్చిన మానిఫోల్డు రెండు ముక్కలు. 99 వరకు వచ్చినదానికి అది సరిపోదు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లయితే ఆ రాష్ట్రపు ఎయిర్ బోర్డు ఇచ్చిన ఈఓ నంబరు (అనుమతి నంబరు) లేని హెడర్ జోలికి పోవద్దు. పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాత్రం ఎక్కడున్నా కదిలించకండి. నేనది ముట్టుకోలేదు కాబట్టి, డాలస్ దగ్గర మా కౌంటీలో బండికి 24 ఏళ్లు దాటి పరీక్ష తప్పేదాకా ప్రతి ఏడూ ఎమిషన్ టెస్టు ఇబ్బంది లేకుండా పాసైంది.

ఈ ఇంజిన్‌లో గాలి లోపలికి పోయే మానిఫోల్డూ పొగ బయటికొచ్చే మానిఫోల్డూ ఒకే పక్కన, ఒకే గ్యాస్కెట్ (సందుల్లోంచి లీకవకుండా మధ్యలో పెట్టే పొర) మీద కూర్చుంటాయి. ఎగ్జాస్ట్ ఒక్కటే మార్చాలన్నా రెండోదాన్ని వదులు చేయాల్సిందే. పవర్ స్టీరింగ్ పంపు కూడా పక్కకి జరపాలి. హెడర్ పెట్టెలో వచ్చే పల్చటి గ్యాస్కెట్‌ని నేను నమ్మలేదు. ఫెల్‌ప్రో బ్రాండుది విడిగా కొన్నాను, ఇప్పటిదాకా లీకు లేదు.

ఇక పనిముట్లు. నా ఓటు డబ్బంతా వీటి మీద పెట్టమనే. ఏఎంసీ (అమెరికన్ మోటార్స్ అనే పాత కార్ల కంపెనీ) కాలపు ఇంజిన్, తర్వాత క్రైస్లర్ చేతుల్లోకి వెళ్లింది. కాబట్టి అంగుళాల సాకెట్లూ మిల్లీమీటర్ల సాకెట్లూ రెండూ దగ్గరుండాలి. కింది వరస బోల్టులు కంటికి కనపడవు, చేత్తో తడిమి పట్టుకోవాలి. పొడుగాటి ఎక్స్‌టెన్షన్, దాని చివర అటూ ఇటూ వంగే వాబుల్ సాకెట్ లేకుండా మొదలెట్టకండి. మొదటిసారి అవి లేక ఒక్క బోల్టు మీద గంటన్నర పోయింది, మోచేతి చర్మం కూడా పోయింది. తుప్పు పట్టిన నట్లకి ముందు రెండు రాత్రులు పీబీ బ్లాస్టర్ అనే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. బోల్టు తల తెగి ముక్క సిలిండర్ హెడ్‌లో ఉండిపోతే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేం.

బోల్టుని ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి విషయంలో నేను చేసిన తప్పు చాలామంది చేస్తారు. నా దగ్గర చక్రాల నట్లు బిగించే అరంగుళం రెంచి ఉంది, 150 ఫుట్‌పౌండ్ల దాకా పోతుంది. ఇక్కడ చాలా బోల్టులకి కావాల్సింది 24 ఫుట్‌పౌండ్లే. అంత తక్కువలో ఆ పెద్ద రెంచిని నమ్మలేం. మొదటిసారి అది క్లిక్‌మనేలోపు కొన్ని బోల్టులు అతిగా బిగిశాయి, విసుగొచ్చి మిగతావి చేతి లెక్కన బిగించాను. రెండోసారి ఆటోజోన్ అనే విడిభాగాల దుకాణంలో డిపాజిట్ కట్టి చిన్న రెంచి తెచ్చుకున్నాను, తిరిగిచ్చాక డబ్బులు వెనక్కిచ్చారు. నడుమ బోల్టులతో మొదలెట్టి చివరలకి వెళ్లాలి. రెండు చివరల స్టడ్ల లెక్క వేరుగా ఉంటుంది, అది మీ ఏడాది మాన్యువల్‌లోనే చూడండి. వారం నడిపాక చల్లటి ఇంజిన్ మీద మళ్లీ రెంచి వేస్తే మూడు బోల్టులు పావు చుట్టు తిరిగాయి.

ఇప్పటికి యాభై రెండు వేల మైళ్లు తిరిగింది. గొట్టాలు బంగారు రంగు నుంచి నీలంలోకి మారాయి, పగులు లేదు. మూడో ఏట ఒక చివర నట్టు వదులై మళ్లీ చిన్నగా టక్కుమంది, బిగిస్తే పోయింది. మైలేజీ అప్పుడూ ఇప్పుడూ గ్యాలన్‌కి పదిహేను, పదహారే. పికప్ పెరిగిందా అంటే, మూడు వందల నలభై డాలర్లు పెట్టినవాడికి పెరిగినట్టే అనిపిస్తుంది, మా ఆవిడకి తేడా తెలియలేదు.

మొన్న జనవరిలో నీళ్లు గడ్డకట్టిన ఒక పొద్దున బండి స్టార్ట్ చేసి, ఫోను బానెట్ దగ్గర పెట్టి బాబాయికి వినిపించాను. కాసేపు విన్నాడు. "హెడర్ బానే ఉంది కానీ బెల్టు కీచుమంటోంది రా, చూసుకో" అన్నాడు.