కుందేలు కోసం మళ్ళీ తైపేకి

తైపే జాతీయ ప్యాలెస్ మ్యూజియంకు ఇది నా రెండో ప్రయాణం. మొదటిసారి, పదకొండో శతాబ్దపు చైనా చిత్రకారుడు త్సుయ్ బాయ్ గీసిన కుందేలు బొమ్మ గోడ మీద లేదు. పట్టు మీద వేసిన పాత చిత్రాలకు వెలుతురు పడదు. అందుకే అపురూపమైన వాటిని సుమారు ఆరు వారాలు చూపించి, ఏళ్ళ తరబడి లోపల భద్రపరుస్తారు. విమానం టికెట్టు కొనే ముందే ప్రదర్శన తేదీలు చూసుకోండి.

ఈసారి పశువైద్యులైన మా బావగారు కూడా వచ్చారు. బస మాత్రం మమ్మల్ని మోసం చేసింది. రాత్రికి 2,600 తైవాన్ డాలర్లు తీసుకున్నారు. ఫొటోలో పెద్ద కిటికీ ఉంది. గదిలో తెర తీస్తే వెనక గోడే. ఆ ఊళ్ళో కిటికీ లేని గదులు మామూలేనట. ఆ సంగతి ముందే చెప్పి ఇస్తే తప్పులేదు, గోడకు తెర కట్టి కిటికీ అని నమ్మించడం తప్పు. అడిగితే కిటికీ గదికి రోజుకు మరో 600 కట్టమన్నారు. చెమ్మ వాసనకు బావగారికి రాత్రంతా నిద్ర లేదు. పొద్దున కాఫీ కూడా ముట్టలేదు.

షిలిన్ మెట్రో స్టేషను నుంచి రెడ్ 30 బస్సు ఎక్కాం, 15 డాలర్లు. టాక్సీ దండగ. విదేశీయులకు ప్రవేశ రుసుము 350, మన లెక్కలో దాదాపు వెయ్యి రూపాయలు.

చిత్రం దాదాపు రెండు మీటర్ల ఎత్తుంది. గాలికి వెదురు వంగిపోతోంది. పైన రెండు మాగ్‌పై పక్షులు గోలపెడుతున్నాయి, ఒకటి ఎగురుతూ, ఇంకొకటి కొమ్మ మీద నుంచి. కింద కుందేలు ముందుకాలు ఎత్తి, ఆగి, తల తిప్పి వాటిని చూస్తోంది. ఒంటికి గీతతో హద్దు గీయలేదు; వెంట్రుక వెంట్రుకా సన్నటి కుంచెతో పెట్టాడు. అందుకే వేలితో తాకితే మెత్తగా తగులుతుందనిపిస్తుంది. చెట్టు మొద్దు మీద చిన్న అక్షరాలతో పేరూ సంవత్సరమూ ఉన్నాయి: అది 1061.

పొద్దుటి నుంచి మాట్లాడని బావగారు అప్పుడు నోరు విప్పారు. "ఆ కాలు చూడు. పారిపోవాలా, ఉండాలా అని ఇంకా తేల్చుకోలేదు. దీన్ని చూడకుండా ఎవరూ గీయలేరు." నలభై నిమిషాలు అక్కడే నిలబడ్డారు.

అదే కాలపు మరో చిత్రకారుడు యీ యువాన్‌జీ గీసిన కోతి, పిల్లుల చిత్రం కూడా ఈ మ్యూజియందే, ఈసారి బయటపెట్టలేదు. ఆయన చైనాలోని చాంగ్‌షా ఊళ్ళో ఇంటి వెనక కుంటలు తవ్వి, నీటిపక్షులను పెంచి, కిటికీకి రంధ్రం చేసి వాటిని గమనించేవాడని చెప్పాను. బావగారు నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్ళి, అది మళ్ళీ ఎప్పుడు పెడతారని అడిగారు.