గాజుగుడ్డ చుట్ట: పద్దెనిమిది కట్ల తరువాత

మా అమ్మ కుడి పాదం పక్కన, చిటికెన వేలికి కాస్త వెనకగా, చెప్పు పట్టీ ఒరుసుకుని లేచిన పొక్కు పుండుగా మారింది. ఆమెకు చాలాకాలంగా చక్కెర వ్యాధి ఉన్నందున సర్జన్ పుండును శుభ్రం చేసి, మూడు వారాల పాటు రోజూ కట్టు మార్చాలని చెప్పారు. మొదటి మూడు కట్లు ఆసుపత్రిలో నర్సు కట్టి చూపించారు, తక్కిన పద్దెనిమిదీ ఇంట్లో నేను కట్టాను. అందుకోసం వీధి చివరి మందుల దుకాణంలో 160 రూపాయలకు కొన్న డజను గాజుగుడ్డ చుట్టల గురించే ఈ సమీక్ష. అట్ట మీద వెడల్పు 10 సెంటీమీటర్లు, పొడవు 4 మీటర్లు అని ఉంది.

ఈ చుట్టను పుండు మీద నేరుగా వేయకూడదు. ఇది స్టెరైల్ చేసిన, అంటే క్రిములు లేకుండా శుద్ధి చేసిన సరుకు కాదు. పుండుకు తగిలే పొరగా విడిగా మూసిన ప్యాకెట్టులో వచ్చే స్టెరైల్ గాజుగుడ్డ ముక్కలను వాడాలి, ఆ ముక్కలు కదలకుండా పట్టి ఉంచడం మాత్రమే ఈ చుట్ట పని. ఇళ్లలో చాలామంది చేసేట్టుగా గాజుగుడ్డ ముక్కకు బదులు దూది పెట్టి పైన చుట్ట చుడితే, దూది పోగులు పుండుకు అతుక్కుపోయి మరునాడు ఊడదీసేటప్పుడు కొత్తగా పడుతున్న చర్మం కూడా లేచి వస్తుంది. గాజుగుడ్డ ముక్క అతుక్కుపోయినా బలవంతంగా లాగకుండా సెలైన్‌తో తడిపి కాసేపు ఆగితే దానంతట అదే వదులుతుంది.

గుడ్డ నాణ్యత విషయంలో నాకు ఫిర్యాదు లేదు. పచ్చి పత్తిలో సహజంగా ఉండే మైనం నీటిని దరిచేరనివ్వదు కాబట్టి, నేసిన గుడ్డను క్షారంలో ఉడికించి ఆ మైనాన్ని తొలగించి, తరువాత చలువ చేస్తే గాని అది తడిని పీల్చదు. ఆ పని సరిగా చేశారో లేదో చూడడానికి చిన్న ముక్కను గ్లాసు నీళ్లలో వేశాను, అయిదు లెక్కపెట్టేలోగా మునిగిపోయింది. ఇంట్లో ఎప్పటినుంచో పడి ఉన్న పాత చుట్ట ముక్క మాత్రం చాలాసేపు తేలుతూనే ఉంది. తమిళనాడులో రాజపాళయం దగ్గరి ఛత్రపట్టి మగ్గాల మీద ఈ రకం గుడ్డ విస్తారంగా తయారవుతుంది. ఇంత పలుచని నేతలో ఇంత సమంగా పోగులు పడడం చూస్తే, ఆ నేతగాళ్ల పనితనాన్ని రోజూ చుట్టి పారేస్తున్నామే అనిపించింది.

ఇక కట్టు కట్టడంలో దీని నడవడి. గాజుగుడ్డ సాగదు. సాగే క్రేప్ బ్యాండేజీకి అలవాటు పడిన చేతికి ఇది మొదట్లో మొండిగా తోస్తుంది. నేను కట్టిన మొదటి కట్టు సాయంత్రానికల్లా జారి మడమ కిందకు చేరింది, తప్పు గుడ్డదే అనుకున్నాను. మరునాడు నర్సు చూపించిన పద్ధతిని గుర్తు చేసుకుని నిదానంగా చేస్తే తప్పు నా చేతిదని తెలిసింది. చుట్టను పట్టుకున్నప్పుడు విప్పని భాగం పైకి ఉండాలి, అప్పుడే గుడ్డ పాదం మీద దానంతట అది పరుచుకుంటుంది. వేళ్ల మొదలు దగ్గర రెండు చుట్లు ఒకదాని మీద ఒకటి వేసి కొనను బిగించాక, కింది నుంచి పైకి, ప్రతి చుట్టూ ముందు చుట్టులో సగం మొదలు మూడింట రెండు వంతుల దాకా కప్పేట్టుగా పోవాలి. చీలమండ దగ్గరకు వచ్చాక గుండ్రంగా చుడితే ముడతలు పడతాయి. అక్కడ పాదం మీదుగా ఏటవాలుగా పైకి తీసుకుపోయి, చీలమండ వెనక తిప్పి, మళ్లీ ఏటవాలుగా పాదం కిందకు తెచ్చి, ఇంగ్లీషు ఎనిమిది అంకె ఆకారం వచ్చేట్టు చుట్టాలి. సాగని గుడ్డకు ఈ ఎనిమిది చుట్టే ఆధారం.

సాగకపోవడం ఒక విధంగా మేలు, ఒక విధంగా ప్రమాదం. బిగించి చుట్టిన క్రేప్ రోజంతా కాలిని లోపలికి నొక్కుతూనే ఉంటుంది, లాగకుండా పరిచిన గాజుగుడ్డ అలా నొక్కదు. అయితే కాలు వాచినప్పుడు క్రేప్ కాస్తయినా సాగుతుంది, ఇది ఏమాత్రం చోటివ్వదు. మా అమ్మకు పాదాల్లో స్పర్శ తగ్గింది కాబట్టి, బిగుతుగా ఉందా అని అడిగితే ప్రతిసారీ బాగానే ఉందనేది. ఆ మాటను నమ్మి ఊరుకోవడానికి లేదు. అందుకే వేళ్ల కొనలను ఎప్పుడూ బయటికే ఉంచి, బొటనవేలి గోరును నొక్కి వదిలి, రెండు సెకన్లలో ఎరుపు తిరిగి వస్తోందా అని కట్టిన వెంటనే ఒకసారి, పావుగంట తరువాత మరొకసారి చూసేవాడిని. గోరు నల్లగా ఉన్నా, వేళ్లు చల్లబడినా విప్పి మళ్లీ కట్టవలసిందే.

కొసను ముగించడంలో ఈ గుడ్డ నాకు బాగా నచ్చింది. పూర్వం కాంపౌండర్లు చేసినట్టు కొసను మధ్యకు చీల్చి, చీలిక ఇంకా సాగకుండా మొదట్లో ఒక ముడి వేసి, రెండు తోకలను కాలి చుట్టూ తిప్పి పుండుకు దూరంగా కట్టవచ్చు; పోగు వెంబడి తిన్నగా చిరుగుతుంది, కత్తెర అక్కరలేదు. మైక్రోపోర్ టేపు ముక్క అంటిస్తే పని ఇంకా తేలిక, కాని టేపును కాలి చుట్టూ పూర్తిగా తిప్పకూడదు.

లోపాలు రెండు. అనుమానం వచ్చి రెండు చుట్టలను విప్పి దర్జీ టేపుతో కొలిస్తే, ఒకటి 3 మీటర్ల 65 సెంటీమీటర్లు, రెండోది 3 మీటర్ల 70 సెంటీమీటర్లు మాత్రమే ఉన్నాయి. 4 మీటర్లని అట్ట మీద అచ్చువేసి ఒక చుట్టుకు సరిపడా గుడ్డ మిగుల్చుకోవడం చిన్న విషయమని ఎవరైనా అనవచ్చు, చీలమండ మీద ఆఖరి చుట్టు అందక కొస చేతిలో ఉండిపోయినవారు అలా అనరు. రెండోది అంచు. వెడల్పాటి గుడ్డను సన్నగా కోసి చుట్టినందున రెండు అంచులా పోగులు ఊడివస్తాయి. నాలుగో రోజున ఒక పొడవాటి పోగు వేళ్ల మధ్యకు పోయి చుట్టుకుంది. స్పర్శ లేని వేలికి అలాంటి పోగు బిగుసుకుంటే ఆ మనిషికి తెలియదు, కాబట్టి దీన్ని నేను సామాన్యమైన లోపంగా తీసుకోలేను. ఆ రోజు నుంచి కట్టు మొదలుపెట్టే ముందే వదులు పోగులన్నీ కత్తిరించేవాడిని, దానికి అయిదు నిమిషాలు అదనం.

పన్నెండు చుట్టలు అయిపోయాక అదే దుకాణానికి వెళ్లి కొలతల సంగతి చెబితే, దుకాణదారు వాదించకుండా లోపలి నుంచి మరో తయారీ తెచ్చి చూపించారు. దాని అంచు కోసినది కాదు, నేసినది. డజను ధర 210 రూపాయలు. అక్కడే ఒక చుట్ట విప్పించి కొలిపించాను, 4 మీటర్లూ ఉంది. చివరి ఆరు కట్లు దానితోనే కట్టాను. పోగులు ఊడలేదు, ఎనిమిది చుట్టు మరునాటి దాకా కదలలేదు. చేతికీ మోచేతికీ అయితే పాత రకం సరిపోతుంది, పాదానికి మాత్రం ఇకమీద నేసిన అంచు ఉన్నదే కొంటాను.