సీసీ కెమెరాల వాళ్లకి రూటర్ పాస్‌వర్డ్ ఇచ్చేముందు ఒక్కసారి ఆగండి

తెనాలిలో మా అమ్మానాన్న ఇద్దరే ఉంటారు, నాది హైదరాబాద్‌లో ఉద్యోగం. దసరాకి ఇంటికి నాలుగు కెమెరాలు, ఒక డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ డబ్బా) పెట్టించాం. షాపు పేరు చెప్పను, చెబితే గొడవ. వైరింగ్ మాత్రం శుభ్రంగా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పనంతా అయ్యాక ఆ కుర్రాడు, "అంకుల్, మీ అబ్బాయి ఫోన్‌లో కనపడాలంటే రూటర్‌లో చిన్న సెట్టింగ్ మార్చాలి, పాస్‌వర్డ్ చెప్పండి" అన్నాడట. నాన్న రూటర్ తిరగేసి వెనక స్టిక్కర్ చూపించారు. అంతకుముందే నెట్ వాళ్లకి ఫోన్ చేయించి, నెలనెలా అదనంగా కట్టే స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని నెట్ అడ్రస్) ఒకటి పెట్టించాడు. సాయంత్రానికి నా ఫోన్‌లో మా వాకిలి, తులసికోట కనిపించేసరికి సంతోషపడిపోయి మొత్తం డబ్బు పంపేశాను.

నవంబర్ నుంచి నాన్న ఒకటే గోల. టీవీలో సినిమా పెడితే గుండ్రంగా తిరుగుతూనే ఉంటోందని, "రాత్రి పడుకున్నాక కూడా ఆ డబ్బా లైట్లు ఆగకుండా కొట్టుకుంటున్నాయిరా" అని. కెమెరాలున్నాయి కదా నాన్నా, మామూలే అని కొట్టిపారేశాను. మామూలు కాదు. రికార్డింగ్ డీవీఆర్‌లోని హార్డ్ డిస్క్‌లోకే వెళ్తుంది, ఎవరైనా బయటినుంచి చూస్తేనే నెట్ అంతగా వాడుతుంది. డిసెంబర్‌లో మా కనెక్షన్ నుంచి అనుమానాస్పద ట్రాఫిక్ వెళ్తోందని నెట్ కంపెనీ నుంచి మెసేజ్ వచ్చాక గానీ నాకు బుర్ర వెలగలేదు.

సంక్రాంతికి వెళ్లి, లాప్‌టాప్‌లో 192.168.1.1 కొట్టి రూటర్ పేజీ తెరిచాను. బయటినుంచి వచ్చేవాటిని ఆపే ఫైర్‌వాల్ ఆఫ్. డీఎంజెడ్ ఆన్, దాని ఎదురుగా మా డీవీఆర్ అడ్రస్. ఇంట్లో పరికరాలు వాటంతట అవే రూటర్‌లో దారి తెరుచుకునే యూపీఎన్‌పీ ఆన్. రిమోట్ మేనేజ్‌మెంట్ కూడా ఆన్, అంటే రూటర్ లాగిన్ పేజీయే ప్రపంచంలో ఎవరైనా తెరవొచ్చు. రూటర్ పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద ఉన్నదే, డీవీఆర్ పాస్‌వర్డ్ 123456.

డీఎంజెడ్ అంటే బయటినుంచి వచ్చే ప్రతి కనెక్షన్‌నూ ఏమీ అడగకుండా ఒక్క పరికరానికి పంపేసే ఏర్పాటు. వీధి తలుపు తీసిపెట్టి నేరుగా పడకగదికి దారి చూపించినట్టు. ఆ డీవీఆర్ లాగ్ తెరిచి చూస్తే చేతులు చల్లబడ్డాయి. తెల్లవారుజామున 2:40కి ఒక లాగిన్, 2:52కి ఇంకొకటి, అన్నీ మాకు తెలియని ఐపీ అడ్రస్‌లు. పేజీలకి పేజీలు. నాలుగో కెమెరా హాల్లో ఉంది. ఆ సంగతి అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

మన ఇంట్లో ఏముందిలే దోచుకోవడానికి అనుకోకండి. ఇలా దూరేవాళ్లకి కావాల్సింది మన లైన్. మిరాయ్ అనే మాల్వేర్ ఇలాంటి కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లలోకే కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌లతో దూరింది. 2016 అక్టోబర్ 21న అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి మొరాయించింది, అలా చిక్కిన పరికరాలన్నీ ఒక్కసారిగా ట్రాఫిక్ కుమ్మరించిన దెబ్బకే.

షాపుకి ఫోన్ చేస్తే "పాస్‌వర్డ్ మార్చుకోవాల్సింది మీరే సార్" అన్నాడు. సరిచేయడానికి వస్తే విజిటింగ్ చార్జి 500 అట! అసలు ఒళ్లు మండేది ఇక్కడే: ఇదంతా చేయాల్సిన అవసరమే లేదు. డీవీఆర్ మెనూలో పీ2పీ ఆన్ చేసి, దాని క్యూఆర్ కోడ్‌ని కంపెనీ యాప్‌లో స్కాన్ చేస్తే చాలు. డీవీఆర్ తనే బయటికి కనెక్ట్ అవుతుంది కాబట్టి ఫైర్‌వాల్ ఆన్‌లో ఉన్నా ఫోన్‌లో బొమ్మ వస్తుంది. కంపెనీ సర్వర్‌ని నమ్మాల్సి వస్తుందనుకోండి, అయినా అందరికీ తలుపు తీయడం కంటే నయం.

నేను చేసింది ఇదీ. డీఎంజెడ్, యూపీఎన్‌పీ, రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్ చేశాను. డీవీఆర్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, రూటర్, డీవీఆర్ రెండింటికీ కొత్త పాస్‌వర్డ్‌లు పెట్టాను. రీస్టార్ట్ చేస్తే ఇలాంటి మాల్వేర్ చాలావరకు మెమరీలోంచి పోతుంది గానీ, దారి తెరిచే ఉంటే మళ్లీ వస్తుంది. ఫైర్‌వాల్‌ని ఉత్సాహంగా హైలో పెడితే అమ్మ వాట్సాప్ వీడియో కాల్ ఆగిపోయింది, మీడియంకి దించాక కుదిరింది. ఐపీవీ6 (కొత్త తరహా నెట్ అడ్రస్‌లు) ఫైర్‌వాల్ కొన్ని రూటర్లలో వేరే పేజీలో ఉంటుంది, అది కూడా చూడండి. స్టాటిక్ ఐపీ లేదు కదా అని ధీమాగా ఉన్నా, ఐపీవీ6 ఉంటే ఇంట్లో ప్రతి పరికరానికీ బయటివాళ్లు చేరుకోగల అడ్రస్ ఉండొచ్చు, కాపలా ఆ ఫైర్‌వాల్ ఒక్కటే.

టెక్నీషియన్ ఇంట్లో ఉండగానే ఒక పని చేయండి. వైఫైలో ఉన్నప్పుడు గూగుల్‌లో మీ ఐపీ అడ్రస్ ఎంతో చూసి రాసుకోండి. తర్వాత వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో ఆ నంబర్‌ని బ్రౌజర్‌లో కొట్టండి. రూటర్‌దో డీవీఆర్‌దో లాగిన్ పేజీ వచ్చిందా, మిగతా డబ్బు ఇవ్వకండి, ఎందుకు తెరిచాడో అడగండి. ఏ పేజీ రాకపోయినా పూర్తిగా నిశ్చింత కాదు, వేరే పోర్టులు (లోపలికొచ్చే దారులు) తెరిచి ఉండొచ్చు, కాబట్టి రూటర్ పేజీలో డీఎంజెడ్, యూపీఎన్‌పీ కూడా మీ కళ్లతో చూసుకోండి.

స్టాటిక్ ఐపీ రద్దు చేయమని నెట్ వాళ్లకి చెప్పాను. ఈ నెల బిల్లులో కూడా దాని డబ్బులు వేశారు, దానికోసం రేపు మళ్లీ ఫోన్ చేయాలి.